నలుగుపిండి తమ్ముడు

ఆదివారం మా అమ్మాయికి సున్నిపిండితో ఒళ్లు రుద్దుతుంటే నలుగు వత్తులు వత్తులుగా రాలుతోంది. "అమ్మా, ఇవన్నీ చచ్చిపోయిన కణాలంట. సైన్స్ మేడమ్ చెప్పారు" అంది.

నాకు నవ్వొచ్చింది. మొగల్తూరులో నా ఆరో ఏట మామ్మ ఇలాగే రుద్దుతూ, పార్వతీదేవి తన ఒంటి నలుగుతో వినాయకుణ్ని చేసిందని చెప్పింది. ఆడుకోవడానికి ఇంట్లో తోడు లేని నేను అది నమ్మేశాను. రాలిన నలుగంతా పోగుచేసి ఒక తమ్ముణ్ని చేసి, కొబ్బరిచిప్పలో దాచాను. తొందరలో ముక్కు బాగా నొక్కేశాను. నాలుగో రోజుకి బొమ్మ ఎండి బీటలు వారింది. ఏడుస్తూ చూపిస్తే మామ్మ పకపకా నవ్వింది.

"ఒంటి మీంచి రాలిపోయినదానికి ప్రాణమెలా వస్తుందే, పిచ్చిమొహమా! ఆగు, మీ అమ్మ చేస్తోందిగా."

అప్పటికే అమ్మ కడుపులో ఒక్క కణం రెండై, రెండు నాలుగై, వాటిలో ఏది కన్నవ్వాలో ఏది గోరవ్వాలో తేలిపోతోందని నాకేం తెలుసు? చలికాలంలో తమ్ముడు పుట్టాడు. వాడి మొహం చూడగానే "వీణ్ని నేనే చేశాను" అని వీధంతా చెప్పొచ్చాను.

ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. వాడి ముక్కు చప్పిడిగా, అచ్చం నేను నొక్కినట్టే ఉంది మరి.