పోసినవాళ్ళే ముందు తాగాలి

పోయిన ఎండాకాలం మా అమ్మాయి నన్ను కొత్తగూడెం తీసుకుపోయి ఒక కోర్టు సినిమా చూపించింది. అందులో ఒక లాయరమ్మ, ఆమె కాపాడవలసిన ఒక ఆడమనిషి. మొగుణ్ణి చంపిందని ఆ ఆడమనిషి మీద కేసు. లాయరమ్మ బల్ల గుద్ది అరిచినప్పుడల్లా హాల్లో ఈలలు. చివరికి తేలిందేమంటే, ఆ ఆడమనిషి మొదటినుంచీ లాయరమ్మకు అబద్ధమే చెప్పింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకొని, "అమ్మా, పోదామా? ఇంటికి పోదామా?" అని అడుగుతూనే ఉంది. నాకేమవుతుందోనని దాని భయం. నాకేమీ కాలేదు. నిజమైన బోనులో నిలబడ్డదాన్ని, తెర మీది బోనుకు బెదురుతానా?

ఇంటికి వచ్చాక మాత్రం రాయాలనిపించింది. నాకు చదువు వచ్చింది నలభై దాటిన తరువాత, రాత్రి బడిలో. రాయడం ఇప్పటికీ నెమ్మదే. కానీ నా సంగతి ఇంకొకరు చెబితే అదీ సినిమాలాగే తయారవుతుంది. నేను మా లాయరమ్మకు ఒక్క అబద్ధం చెప్పలేదు. అయినా నన్ను బయటపడేసే మాట నా దగ్గరే ఉండిపోయింది.

మాది భద్రాచలం అడవిలోకి పోయే దారిలో ఒక కోయ గూడెం. మా ఇంటాయన, ఆయన తమ్ముడు, మా అత్త, నేను, చిన్నపిల్ల. పోడు చేలో జొన్న వేసేవాళ్ళం. పత్తి కాలంలో అన్నదమ్ములిద్దరూ పక్క ఊరి ఆసామి దగ్గరికి పురుగుల మందు కొట్టడానికి కూలికి పోయేవాళ్ళు. వీపుకు పంపు కట్టుకొని, ఒంటి మీద చొక్కా కూడా లేకుండా, పొద్దుగూకేదాకా చేలో నడవడం. మందు నీళ్ళలో చేత్తోనే కలిపేవాళ్ళు. పంపు మూతికి చెత్త అడ్డంపడితే నోటితో ఊదేవాళ్ళు. అలా ఊదవద్దని ఎవరూ చెప్పలేదు. ఆసామి కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం తమ్ముడు ఇంకా చేలోనే ఉండగా ఆయన ఒక్కడే ఇంటికి వచ్చాడు. వచ్చేసరికే కళ్ళవెంట, ముక్కువెంట నీళ్ళు. చేతులు వణుకుతున్నాయి. "తల తిరుగుతాంది, జర కల్లు పొయ్యి" అన్నాడు. జీలుగు కల్లు అప్పుడే దించి తెచ్చి ఉంది. అత్త ఎదురుగా కూర్చుని ఉంది. నేను పోశాను. ఆయన రెండు గుక్కలు తాగి వాంతి చేసుకున్నాడు. బండి కట్టి దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

కడుపులో పురుగుల మందు ఉందని డాక్టరు రాశాడు. చివరగా ఆయనకు ఇచ్చింది కల్లు, పోసింది నేను. "వదినే కలిపింది" అని మరిది పోలీసులకు చెప్పాడు. ఆ మాట అతని నోటికి ఎవరు అందించారో గూడెమంతా తెలుసు. పత్తి చేలో కూలివాడు చచ్చాడంటే ఆసామికి తిప్పలు. పెళ్ళామే చంపిందంటే ఆసామికి ఏ తిప్పలూ లేవు. ఇంటికి వచ్చేసరికే ఆయనకు బాగాలేదని నేను స్టేషన్లో మొత్తుకున్నాను. ఎవరూ చెవిన పెట్టలేదు.

లాయరును పెట్టుకునే స్తోమత లేదని ఖమ్మం కోర్టే నాకు ఒక లాయరును ఇచ్చింది. మధిర వైపు మనిషి, నాకంటే కొంచెం పెద్దది. నల్లకోటు వేసుకున్న ఆడమనిషిని చూడటం నాకు అదే మొదలు. సినిమాలో ఆమెలాగా అరిచేది కాదు. కళ్ళద్దాలు నెత్తిమీద పెట్టుకొని సంచీలో వెతుక్కునేది. కోర్టు వరండాలో మిగతా లాయర్లు, "మేడంగారికి మళ్ళీ ధర్మం కేసు దొరికింది" అని నవ్వుతుంటే, "మీకు అది కూడా దొరకలేదుగా" అనేసి పోయేది.

మొదటిసారి జైల్లో నన్ను చూడటానికి వచ్చినప్పుడు సూటిగా అడిగింది.

"నువ్వు కలిపావా?"

"కలపలె."

"నిజం చెప్పు. కలిపినా నీ తరఫున వాదిస్తాను. కానీ నాకు తెలియాలి."

"కలపలె మేడం. ఇంక నూరుసార్లు అడుగు, గదే చెప్త."

ఆమె నా మొహం చూస్తూ కూర్చుంది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. బెయిలు మాత్రం తెచ్చింది.

బెయిలు మీద గూడెం వస్తే మరిది ఇంట్లోకి రానివ్వలేదు. గొడ్లపాకలో ఉన్నాను. అడవికి పోయి ఇప్పపువ్వు ఏరుకున్నాను, కూలికి పోయాను. మా పిల్ల అత్త దగ్గరే పడుకునేది. అత్త నాతో మాట్లాడేది కాదు. నేను చంపానని అనలేదు, చంపలేదనీ అనలేదు. పెద్దకొడుకు పోయాడు. చిన్నకొడుకు ఆసామి దగ్గర జీతానికి కుదిరాడు. ఆమె నోరు తెరిస్తే ఆ కూడు కూడా పోతుంది.

కేసు విచారణకు వచ్చే ముందు లాయరమ్మ గూడెం చూడాలని వచ్చింది. బస్సు దిగి అంత దూరం నడిచి, చెప్పులు చేత్తో పట్టుకొని వచ్చింది. ఇల్లు చూసింది, ఆయన కూర్చున్న చోటు చూసింది. అత్తను ఏదో అడిగితే అత్త మొహం తిప్పుకుంది. కానీ ఇంటికి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపే అలవాటు మాకు లేదు. అత్త లోపలికి పోయి ఆనపకాయ బుర్రతో కల్లు తెచ్చింది. ఆకు డొప్పలో పోసి, తాను ఒక గుక్క తాగి, మళ్ళీ పోసి లాయరమ్మకు చాచింది.

లాయరమ్మ నవ్వింది. "నాకిస్తానని నువ్వే తాగేశావేంటి పెద్దమ్మా?"

"నేను తాగకుండ నీకెట్ల ఇస్తనే బిడ్డా?" అంది అత్త. "పోసినోళ్ళే ముందు తాగాలె. తాగకపోతే ఏమన్న కలిపినట్టు కాదా?"

లాయరమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. మెల్లగా నావైపు తిరిగింది.

"ఆ రోజు నీ మొగుడికి కల్లు పోసింది నువ్వే కదా?"

"అవ్."

"ముందు నువ్వు తాగావా?"

"తాగకుండ ఎట్ల పోస్త మేడం?"

"అదే బుర్రలోది?"

"ఇంకో బుర్ర మాకేడున్నది?"

"ఎంత తాగావు?"

"ఒక డొప్ప. ఆకలైతాంది, నిండుగనే తాగిన."

ఆమె డొప్ప కింద పెట్టి తల పట్టుకుంది. "ఇన్ని నెలలు నీతో మాట్లాడుతున్నాను. ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలె."

"అడగడానికి నాకు తెలియాలి కదమ్మా!"

ఆమె కోపం చూసి నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. కల్లు పోశానని చెబితే ముందు నేను తాగానని వేరే చెప్పాలా? అన్నం వండానని చెప్పేవాళ్ళు పొయ్యి వెలిగించానని వేరే చెబుతారా? గూడెంలో ఎవరిని అడిగినా అంతే. కానీ ఖమ్మంలో ఆ సంగతి ఎవరికీ తెలియదని నా బుర్రకు తట్టలేదు.

పోయే ముందు లాయరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నువ్వు ముందు తాగడం చూసింది మీ అత్త ఒక్కతే. ఆయన ఇంటికి వచ్చేసరికే ఒంట్లో బాగాలేదని చూసిందీ ఆమే. ఆమె బోనెక్కి చెబితే నువ్వు బయటపడతావు, లేకపోతే కష్టం. కోర్టుకు రమ్మని కాగితం నేను పంపిస్తాను. నోరు తెరిపించడం మాత్రం నా చేతుల్లో లేదు. నువ్వే మాట్లాడుకో."

అత్తతో మాటలు లేకపోయినా, మర్నాటి నుంచి ఆమె ఏ ఇప్పచెట్టు కిందికి పోతే ఆ చెట్టు కిందికే నేనూ పోయాను. తెల్లవారగానే రాలిన పువ్వు ఇద్దరం చెరో పక్క ఏరేవాళ్ళం. ఆమె లేచి ఇంకో చెట్టు కిందికి పోతే నేనూ లేచేదాన్ని. చివరికి ఆమెకే విసుగెత్తింది.

"నా ఎంట ఎందుకు తిరుగుతున్నవే దయ్యం లెక్క?"

"నువ్వు చూసింది చెప్పు. ఇంక తిరగ."

"చెప్తే చిన్నోడి బతుకు ఏంగావాలె?"

"చిన్నోడు ఇంకో తాన పని చూసుకుంటడు. నువ్వు చెప్పకపోతే నేను జైలుకు పోత. పోత, ఏంజేస్త. పిల్లను నువ్వే సాకుతవ్. పెద్దగైనంక అది నిన్ను అడుగుతది, మా నాయనను మా అమ్మే చంపిందా అని. అప్పుడేం చెప్తవ్?"

అత్త గంప ఎత్తుకొని పోయింది.

ఆమె రావలసిన వాయిదాకు రాలేదు. లాయరమ్మ ఇంకొక వాయిదా అడిగింది. ఇదే ఆఖరని జడ్జి చెప్పాడు. ఆ రాత్రి గూడెం వచ్చి నేను అత్తను ఏమీ అనలేదు. అనవలసినదంతా అనేశాను. అత్త రాకపోయినా నా మాట నేను చెప్పుకోవాలని, జడ్జి ముందు ఎలా నిలబడాలి, ఎటు చూసి మాట్లాడాలి అన్నీ లాయరమ్మను అడిగి తెలుసుకున్నాను. ఏడవకూడదని గట్టిగా అనుకున్నాను.

ఆఖరి వాయిదా నాడు రోడ్డు మీద బస్సు ఎక్కి కూర్చున్నాను. బస్సు కదలబోతుంటే అత్త ఎక్కి టికెట్ తీసుకుంది. వెనకే మరిది పరుగెత్తుకుంటూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"దిగు అవ్వా. నువ్వు పోతే ఆసామి నన్ను పనిలకెల్లి తీసేస్తడు."

"తీసేస్తే తీసేయనియ్యి."

"దిగుతవా లేదా?"

"నేను దిగ. టికెట్ తీసుకున్న. నువ్వు దిగు."

కండక్టరు, "ఎవరో ఒకరు జల్దీ దిగుండ్రి, ఇది మీ ఇల్లనుకుంటున్నరా?" అని అరిచాడు. మరిది దిగిపోయాడు. అత్త నా పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో, నాకు వీపు చేసి కూర్చుంది. ఖమ్మం దాకా అలాగే.

బోనులో ప్రమాణం చేయమంటే, "ఒట్టెందుకు, నేనేమన్న దొంగనా?" అని అడిగింది. ఇక్కడ అందరూ చేస్తారని నచ్చజెప్పి చేయించారు. లాయరమ్మ ఒక్కొక్కటే అడిగింది. కొడుకు ఇంటికి ఎలా వచ్చాడు, కళ్ళెలా ఉన్నాయి, చేతులెలా ఉన్నాయి, కల్లు ముందు ఎవరు తాగారు. అత్త అన్నీ చెప్పింది. పంపు మూతి నోటితో ఊదుతారని కూడా చెప్పి, పెదాలు సున్నాలా చుట్టి ఊది చూపించింది. అలా ఊదితే మందు కడుపులోకి పోతుందని అంతకుముందే డాక్టరు చేత లాయరమ్మ ఒప్పించి ఉంది.

తరువాత ప్రభుత్వ లాయరు లేచాడు.

"కోడలి మీద ప్రేమతో ఇలా చెబుతున్నావు కదూ?"

"దాని మీద నాకేం ప్రేమ?" అంది అత్త. "అది నా మాట ఇనదు. కూరల ఉప్పు కుమ్మరిస్తది. నోరు పెద్దది."

కోర్టులో అందరూ నవ్వారు. జడ్జి బల్ల మీద తట్టాడు.

"మరి ఆమెను కాపాడాలని ఎందుకు చూస్తున్నావు?"

"నేను కాపాడుతలె. చచ్చింది నా కొడుకు. దీని చేతుల చచ్చి ఉంటే నేనే దీన్ని బతకనిస్తనా? నీ కొడుకును చంపినోళ్ళను నువ్వు కాపాడుకుంటవా అయ్యా?"

ఆయన ఇంక అడిగేదేమీ లేదని జడ్జికి చెప్పి కూర్చున్నాడు. అంతవరకూ ఏడవకుండా ఉన్నదాన్ని, అప్పుడు కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తీర్పు తరువాతి వాయిదాకు వచ్చింది. నన్ను వదిలేశారు. జడ్జి ఇంగ్లీషులో చదివాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. లాయరమ్మ వెనక్కి తిరిగి నావైపు చూసి తల ఊపింది. అంతే.

కోర్టు బయట చింతచెట్టు కింద అత్త తెచ్చుకున్న జొన్నరొట్టె తింటూ కూర్చుంది. లాయరమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంక నువ్వు ఈ కోర్టు మొహం చూడక్కర్లేదు. ఇంటికి పోయి హాయిగా ఉండు."

ఆ మాట వినగానే నాకు సంతోషం రాలేదు. ఎందుకో ఒళ్ళు మండింది.

"నేను చంపలేదని చెప్పిండ్రు మేడం. మరి ఆయన ఎట్ల చచ్చిండో ఎవరు చెప్తరు?"

"దానికి ఆసామి మీద వేరే కేసు వేయాలి. ఏళ్ళు పడుతుంది. గెలుస్తామన్న నమ్మకం కూడా లేదు."

"ఏళ్ళు పడనియ్యి. నాకిప్పుడు జైలు లేదు గద. తిరుగుత."

"తిరగడం సరే. ఆ చేలో అలా మందు కొట్టించేవాడని చెప్పడానికి నీకు సాక్షి ఎవరున్నారు?"

నేను నోరు తెరిచేలోపే అత్త చేతులు దులుపుకొని లేచింది.

"చిన్నోడు లేడా? ఆడు గూడ ఆ మందే కొట్టిండు."

"అతను మనకు ఎదురు సాక్షి పెద్దమ్మా. వస్తాడా?"

"నా కడుపున పుట్టినోడు. రాకుండ ఎటు పోతడు?" అని అత్త కొంగు నడుముకు బిగించింది. నావైపు తిరిగి, ఆయన పోయిన తరువాత మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచింది. "నడువ్. బస్సు పోతది. రేపు పొద్దుగాల ఆడు పనిలకు పోకముందే పట్టుకోవాలె."