వర్జ్యం దాటాక ఎక్కిన కొండ

వసంతంలో కాలిఫోర్నియాలోని సియెర్రా కొండల మీది మంచుకు ఒక దినచర్య ఉంటుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే గడ్డకడుతుంది. తెల్లవారేసరికి సిమెంటు గచ్చులా ఉంటుంది. బూట్లకు ఇనుప ముళ్లు తగిలించుకుని నిశ్చింతగా నడిచిపోవచ్చు. ఎండ పడ్డాక పైపొర కాస్త మెత్తబడుతుంది. స్కీయింగ్ చేసేవాళ్లు ప్రాణం పెట్టేది ఆ కాసేపటికే. మధ్యాహ్నానికి లోపలిదాకా నీళ్లు దిగి, తడిసిన సున్నంలా పట్టు వదిలేస్తుంది. అడుగు వేస్తే తొడ దాకా కూరుకుపోతాం. ఏటవాలుగా ఉన్నచోట ఆ మంచు ఉన్నపళంగా జారుతుంది. గాలి లేచేదీ ఆ వేళకే. అందుకని చీకటితో ఎక్కి, ఎండ ముదరకముందే దిగిపోవాలి. ఇది ఎవరి నమ్మకమూ కాదు. నీళ్లు ఎప్పుడు గడ్డకడతాయో, ఎప్పుడు కరుగుతాయో తెలిసిన ఎవరికైనా అర్థమయ్యే సంగతి.

ఇదంతా నాకు నేర్పింది మా బావ. అక్క భర్త. శాంటా క్లారాలో చిప్‌లు డిజైన్ చేసే ఇంజినీరు. కొండకు వెళ్లే వారమంతా కాఫీ తాగుతూ శిఖరం మీద గాలి ఏ దిక్కు నుంచి ఎంత వేగంతో వీస్తుందో, రాత్రి చలి ఎంత లోతుకు దిగుతుందో చూసుకునేవాడు. గుంటూరులో హేతువాదుల చర్చా సభల్లో ప్రశ్నలు అడగడం నేర్చుకున్నవాణ్ణి నేను. రుజువు దొరకందే అడుగు ముందుకు వేయని ఈ మనిషి మా ఇంటి అల్లుడైనందుకు లోలోపల గర్వపడేవాణ్ణి.

కిందటి వసంతంలో ఒక శుక్రవారం సాయంత్రం కొండ కింద మోటెల్‌లో సామాను సర్దుకుంటున్నాం. అక్క ఫోన్ చేసింది. బావ స్పీకర్‌లో పెట్టాడు.

"ఏరా తమ్ముడూ, మీ బావని చీకట్లో లాక్కెళ్లేది నువ్వేనా?"

"నన్నే ఆయన లాక్కెళ్తున్నాడక్కా. మంచు గట్టిగా ఉండగానే ఎక్కి దిగెయ్యాలి."

"రేపు తెల్లవారుజామంతా వర్జ్యం. అది అవగానే దుర్ముహూర్తం. రెండూ దాటాక బయలుదేరండి. పంచాంగం యాప్‌లో చూశాను, కాలిఫోర్నియా టైమే."

"డేలైట్ సేవింగ్‌కి గడియారాలతో పాటు వర్జ్యం కూడా గంట ముందుకు జరిగిందా?"

"వెటకారాలు నా దగ్గర కాదు. నీకు పెళ్లామా, పిల్లలా? రేపు ఏదన్నా అయితే ఏడవాల్సింది నేను."

"సరేలే, దాటాకే బయలుదేరతాం. ప్రామిస్," అన్నాడు బావ.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "ఎండ సంగతేంటి బావా?"

"తెలుసు. కాస్త స్పీడ్‌గా నడుద్దాం."

"నీ స్పీడ్ చూసి మంచు కరగడం ఆపుతుందా?"

"డిబేట్ నువ్వే గెలుస్తావురా. ఇంటికెళ్లి కాపురం చెయ్యాల్సింది నేను."

మర్నాడు చీకటి ఉండగానే అతనికి మెలకువ వచ్చింది. బూట్లు తొడుక్కుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. పార్కింగ్ లాట్‌లో మనుషులు తలలకు దీపాలు కట్టుకుని, స్కీలు భుజాన వేసుకుని ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. "రాత్రి బ్రహ్మాండంగా గడ్డకట్టింది," అన్నాడు. అని, బూట్లతోనే మంచం మీద కూర్చున్నాడు. శిఖరం మీద ఎండ పడింది. ఆ ఎండ కిందికి దిగుతూనే ఉంది. యాప్ అనుమతి ఇచ్చేదాకా అక్కడే కూర్చున్నాం. కారు తాళం అతని జేబులో ఉంది.

మేం ఎక్కుతుంటే పొద్దున వెళ్లినవాళ్లు దిగి వస్తున్నారు. ఒకావిడ ఆగి, పై ఏటవాలు మెత్తబడిపోయింది, ఇక వెళ్లకండి అంది. వెనక్కి తిరుగుదామన్నాను. "దాని కింద నుంచి అడ్డంగా దాటితే అవతల మంచి వ్యూ ఉంటుంది. చూసి వచ్చేద్దాం," అన్నాడు. వ్యూ చూశాం. తిరిగి వచ్చేటప్పటికి గాలి లేచింది. చలికాలమంతా గాలి మోసుకొచ్చిన మంచు శిఖరం అంచున చూరులా వేలాడుతోంది. దాని నుంచి నీళ్లు కారుతున్నాయి.

ఒక రాయి పక్కన బావ కాలు తొడ దాకా దిగబడింది. లాక్కుంటూ ఉండగానే పై నుంచి తడి మంచు జారింది. దాన్ని మంచుచరియ అనడానికి కూడా నోరు రాదు, అంత చిన్నది. ఉతికి పిండని దుప్పట్ల మూటలా నింపాదిగా వచ్చి అతని ఒంటిని కిందికి నెట్టింది. కాలు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఆ కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. గాలికి హెలికాప్టర్ రాలేకపోయింది. కొండల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడే వాలంటీర్లు మంచు మీద లాగే స్లెడ్ బండిలో పడుకోబెట్టి కిందికి చేర్చారు. ఆపరేషన్ చేసిన డాక్టరు ఆ మోకాలు ఇక పూర్తిగా వంగదన్నాడు.

ఆసుపత్రిలో అక్క చాలాసేపు ఏడ్చింది. ఆనక కళ్లు తుడుచుకుని అంది: "మంచి ఘడియలో బయలుదేరారు కాబట్టి కాలితో పోయింది."

"ఆ ఘడియ కోసం ఆగబట్టే కాలు పోయిందక్కా."

"ఒరేయ్, ఇక్కడ కూడా ఉపన్యాసమేనా?"

బావ వైపు తిరిగాను. "నువ్వు చెప్పు. మంచు ఎందుకు జారింది?"

అతను కళ్లు మూసుకున్నాడు. "నిద్రొస్తోందిరా."

తెలియనివాళ్లతో వాదించడం నాకు వచ్చు. నా వయసంతా ఆ పనిలోనే గడిచింది. కానీ ఈ మనిషికి అన్నీ తెలుసు. ఇంట్లో ఒక సాయంత్రం ప్రశాంతంగా గడవడం కోసం తెలిసినదాన్ని జేబులో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఇలాంటివాణ్ణి ఏ ప్రశ్నతో కదిలించాలో మా సభల్లో ఎవరూ నేర్పలేదు.

ఇంటికి వచ్చాక సత్యనారాయణ వ్రతం చేశారు. బావ పీట మీద కూర్చోలేడు కాబట్టి కుర్చీ వేశారు. ప్రసాదం తింటూ స్నేహితులు అడిగితే, టైం చూసుకుని వెళ్లడం మంచిదైందని తన నోటితోనే చెప్పాడు. ఒకాయన వెంటనే ఫోన్ తీసి, "ఏ యాప్ అండీ అది? లింక్ పంపండి," అన్నాడు. బావ పంపాడు. నా వైపు మాత్రం చూడలేదు.

ఈ వసంతంలో ఒక శుక్రవారం అతనే ఫోన్ చేశాడు. "రేప్పొద్దున శిఖరం మీద గాలి తక్కువరా. రాత్రి బాగా గడ్డకడుతుంది. నువ్వెళ్లు."

"నువ్వు?"

"నేను మ్యాప్‌లో నీ వెంట వస్తాలే."

చీకటితో వెళ్లాను. కాళ్ల కింద మంచు కరకరలాడింది. గాలి ఊసే లేదు. ఆ రాయి పక్కనుంచి దాటి, శిఖరం చూసి, పైపొర మెత్తబడే వేళకు కారు దగ్గర ఉన్నాను. ఫోన్ చేస్తే బావ చిన్నపిల్లాడిలా ఒక్కొక్కటే అడిగాడు. ముళ్లు బాగా దిగాయా? శిఖరం అంచున మంచు చూరు ఎంత ముందుకు వచ్చింది? ఆ రాయి చుట్టూ ఎలా ఉంది? చెబుతూ ఉండగానే అక్క ఫోన్ లాక్కుంది.

"ఎప్పుడు బయలుదేరావు?"

"చీకటితో."

అవతల గోరు ఫోన్ అద్దం మీద టకటకలాడింది. యాప్ చూస్తోందని తెలుసు.

"సరిగ్గా వర్జ్యంలో వెళ్లావు కదరా! ఏదో నీ అదృష్టం బాగుండి బయటపడ్డావు."

వెనక నుంచి బావ ఏమన్నా అంటాడేమోనని ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. కుర్చీ కిర్రుమన్న చప్పుడు ఒక్కటే వినిపించింది.