చూడలేదని రాసిన కాగితం

మొన్న పొద్దున గాంధీనగర్‌లో మా ఇంటి వసారాలో కాఫీ తాగుతుంటే, మనవరాలు ల్యాప్‌టాప్‌లో ఒక పట్టిక తెరిచి, డెస్క్‌టాప్ కంప్యూటర్లలో లినక్స్ వాడేవాళ్లెందరో ఇప్పుడు కూర్చున్నచోటే తెలిసిపోతుందని మురిసిపోయింది. నేను మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను, ఎందుకంటే ఒకప్పుడు నేను ఆ లెక్క కోసం కాళ్లరిగేలా తిరిగాను.

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లిన ఆ రోజులు మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. తెక్కలకోటలోని ఒక చిన్న బడిలో మా చెల్లెలు పిల్లలకు లినక్స్ నేర్పేది. ఎవరైనా ఉచితంగా తీసుకుని, విప్పి చూసి, మార్చుకోగలిగిన సిస్టమ్ అని ఆమెకు దానిమీద వల్లమాలిన ప్రేమ. చుట్టుపక్కల ఎవరూ వాడనిది నేర్పి ఏం లాభమని బడి పెద్దాయనకు అనుమానం వచ్చింది. విజయదశమి నాడు కూర్చునే బడి కమిటీకి లెక్క తేవాలన్నాడు. వాడేవాళ్లు లేకపోతే ఆ తరగతీ ఉండదు, మా చెల్లెలి ఉద్యోగమూ ఉండదు. కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

బడి వెబ్‌సైట్‌కు వచ్చినవాళ్ల చిట్టా తీస్తే అందులో లినక్స్ దాదాపు లేనే లేదు, కానీ ఆ ఊరి దుకాణాల కంప్యూటర్లకు ఇంటర్నెట్టే లేదాయె. కంప్యూటర్లు అమ్మినవాళ్ల బిల్లుల్లో చూస్తే అంతా లినక్సే. కొన్నవాళ్లు దాన్ని ఉంచారో, తీసేసి ఇంకోటి వేసుకున్నారో దేవుడికే ఎరుక. ఇక ఆన్ చేసి కళ్లతో చూడాల్సిందే. దగ్గర్లోని హచ్చొళ్ళి రైస్ మిల్లులో ఒకటి కనిపించినప్పుడు నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మామూలు రోజుల్లో గుమాస్తాలు సీటు వదలరు గనుక, తలుపులన్నీ తెరిచి వచ్చినవాళ్లకల్లా మండక్కి బొరుగులు పంచే ఆయుధపూజ నాటికి తెక్కలకోట దుకాణాలన్నీ అట్టిపెట్టుకున్నాను.

ఎంత తెలివితక్కువవాణ్ణో చూడండి. మా ఇంట్లో ఆ రోజు పూజలో పెట్టిన కత్తిపీట కూడా ముట్టనివ్వరు, అదే నియమం కంప్యూటర్‌కూ ఉంటుందని నాకు తట్టలేదు. మొదటి మెట్టు ఎక్కగానే ఎరువుల దుకాణం ఆయన చేతులు అడ్డం పెట్టాడు.

“పూజ అయిపోయిందప్పా, ఈ పొద్దు ముట్టేది లేదు. దాంట్లో ఏం ఉండాదో నాకేం తెలుసు, ఆన్ చేస్తే వస్తాది, అంతే!”

దుకాణం తర్వాత దుకాణం, కుంకుమబొట్టు పెట్టుకున్న నల్లటి తెరలు తప్ప ఏమీ కనపడలేదు. తెల్లారితే కమిటీ. బిల్లుల లెక్కే రాసేద్దామా అని చెయ్యి లాగింది. మా చెల్లెలు పక్కనే నిలబడి చూస్తోంది.

“చూసింది రాయన్నా. చూడంది నాకోసం రాయొద్దు,” అంది.

ప్రతి దుకాణం పేరు ఎదుటా ‘చూడలేదు’ అని రాశాను. మర్నాడు పెద్దాయన ఆ కాగితం మీద వేలు జరుపుకుంటూ పోయి, “చూడలేదంటే లేదనే కదప్పా,” అన్నాడు. కమిటీ తలలూపింది. కాదని నేను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

పండగ వెళ్లాక పట్టుబట్టి మళ్లీ తిరిగాను. ఎరువుల దుకాణంలో లినక్స్ ఉంది, పక్కన విత్తనాల దుకాణంలో ఉంది, ఇంకా చాలాచోట్ల ఉంది. కొత్త కాగితం తీసుకుని పరుగున వెళ్లేసరికి మా చెల్లెలి కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, మళ్లీ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అనకపోవడమే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఈనాటి లెక్కల్లో ఎవరి గడపా తొక్కనక్కరలేదు, ఎవరి పూజా అడ్డురాదు. అయినా ఆ పట్టికలన్నిటి అడుగున ‘తెలియనివి’ అని ఒక గడి వేరుగా ఉంచుతున్నారు, దాన్ని ఎవరూ సున్నాగా చదవడం లేదు. మా కమిటీకి అప్పట్లో ఆపాటి మర్యాద తెలిసి ఉంటే, మా చెల్లెలు పిల్లల మధ్యే తల నెరిసేది.