ఆగకూడని కోత

మా ఆయన మామూలు ఇనప కడ్డీని లేత్ మీదకి ఎక్కించేటప్పుడు కూనిరాగం తీసేవాడు. స్టెయిన్‌లెస్ స్టీలు ఎక్కిస్తే మాత్రం నోరు మూసుకునేవాడు. పెళ్ళయిన కొత్తలో అది చూస్తే నాకు నవ్వాగేది కాదు. ఇనుము ఇనుమే కదా, ఒకటేమో ఇంటి మనిషీ, ఇంకోటేమో కొత్తల్లుడూనా అని ఎగతాళి చేసేదాన్ని. "నీకే తెలుస్తాదిలే" అనేవాడు, నా వైపు చూడకుండానే.

తొంభైల చివరి మాట ఇది. చింతపల్లి బజారు చివర, జీపుల స్టాండుకి ఎదురుగా మాకొక రేకుల షెడ్డు ఉండేది. అందులో కడ్డీని గిర్రున తిప్పుతూ కోసే లేత్ ఒకటి, ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక సానరాయి. లేత్ విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేసింది. దాన్ని విప్పి, లారీలో ఘాట్ రోడ్డు ఎక్కించి, మళ్ళీ బిగించుకున్నాం. పనిముట్టుని తనంతట తానే ముందుకి నడిపే పళ్ళచక్రాలు దానికి ఎప్పుడో అరిగిపోయాయి, అందుకని చేతిచక్రం తిప్పుకుంటూ కొయ్యాల్సిందే. కరెంటు మీద మాకు నమ్మకం లేదు. పనిలో ఉండగా పోతే అంతే సంగతులు. ఆయిలింజనుకి బెల్టు వేసి నడిపేవాళ్ళం. ఇంజను స్టార్టు చెయ్యడం, నూనె పొయ్యడం, కొలతలు చూడడం నా వంతు. నర్సీపట్నం వైపు వరిచేలలో పుట్టిన దాన్ని, గ్రీజు వాసన లేనిదే నిద్రపట్టని దాన్నయిపోయాను.

స్టీలు సంగతి నాకు ఏడాది తిరిగేసరికి తెలిసింది. మామూలు ఇనుము ఎలా కోస్తే అలా కోతపడుతుంది. స్టీలు అలా కాదు. ధైర్యంగా, లోతుగా, ఒకే నడకన కోస్తే దారం విప్పినట్టు వస్తుంది. భయపడి పైపైన గీకామా, గీకిన చోటల్లా బిగుసుకుపోతుంది. కడ్డీ తిరుగుతూ ఉండగా పనిముట్టు ముందుకి నడవకుండా ఒక్కచోట ఆగిందా, అక్కడ దాన్నే రాసుకుని రాసుకుని ఉంగరంలా ఒక గీత పడుతుంది. ఆ ఉంగరం మేర లోహం పక్కనున్న లోహం కంటే గట్టిగా తయారవుతుంది. తర్వాత ఎంత పదునైన మొన పెట్టినా అక్కడికి రాగానే కీచుమని అరిచి మొద్దుబారిపోతుంది. మొదటిసారి అది కళ్ళారా చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ప్రాణం లేని కడ్డీ. తన మీద చెయ్యి ఎక్కడ తడబడిందో అక్కడ గుర్తుపెట్టుకుంటుంది. ఆ రోజు నుంచి ఎగతాళి మానేశాను.

స్టీలుకి నునుపు రావడానికి మేం పొయ్యని నూనె లేదు. కొట్లో దొరికే, నీళ్ళలో కలిపితే పాలలా తెల్లబడే కోతనూనె, వేరుశనగ నూనె, ఆముదం, అన్నీ అయ్యాయి. చివరికి సంతలో కొండవాళ్ళు అమ్మే ఇప్పనూనె కుదిరింది. చలికి పేరుకుపోయేది, ఇంజను పొగగొట్టం పక్కన డబ్బా పెట్టి కరిగించేదాన్ని. అది పోస్తూ కోస్తుంటే మొనకి స్టీలు అంటుకునేది కాదు. షెడ్డంతా పండగ పిండివంటల వాసన వేసేది. జీపుల కోసం నిలబడినవాళ్ళు లోపలికి తొంగిచూసి ఏం వండుతున్నామని అడిగేవారు. షాఫ్టు వండుతున్నామని చెప్పేదాన్ని.

ఆ శీతాకాలం ఒక పొద్దున, మంచు ఇంకా విడవకముందే, పైకొండ ఊరి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. వెనకాల ఆవిడ తమ్ముడు, భుజం మీద గోనె చుట్టిన షాఫ్టు. వాళ్ళ ఊళ్ళో ఇళ్ళన్నీ కలిసి కాఫీపళ్ళ తోలు తీసే మిషను ఒకటి పెట్టుకున్నాయి. దాన్ని నడిపించే బాధ్యత ఆవిడది. గోనె విప్పి చూశాం. కాఫీపళ్ళ పులుపు తగిలి తగిలి ఇనప షాఫ్టు మశూచి ముఖంలా గుంటలు పడిపోయింది. ఆ గుంటలు రసం లోపలికి పోకుండా ఆపే రబ్బరు సీలుని కోసేశాయి. సీలు తెగితే రసం బేరింగులోకి దిగింది. బేరింగు పట్టేసింది, మిషను ఆగిపోయింది.

"పళ్ళు కోసీసినాం బాబూ," అంది ఆవిడ మా ఆయనతో. "ఊరందరివీ. బస్తాలు వాగునీళ్ళలో దించి ఉంచినాం. రేపు పొద్దుటికి తోలు తీకపోతే పులిసిపోతాయి. పులిస్తే ఎవుడు కొంటాడు? మొక్కలేసి ఇన్నేళ్ళకి ఇదే పెద్ద కాపు."

అంతే విషయం. వాగులో బస్తాలు, రేపటి పొద్దు. మళ్ళీ ఇనుముతోనే చేస్తే వచ్చే ఏడాదికి ఇదే గతి. మా దగ్గర ఒకే ఒక్క స్టీలు కడ్డీ ఉంది, విశాఖపట్నం పాతసామాన్ల కొట్లో మా ఆయన ముచ్చటపడి తెచ్చుకున్న పంపు షాఫ్టు ముక్క. చాలా మొండిది. దాన్ని ఇదివరకు ఒకసారి ముట్టుకుని, మొన పోగొట్టుకుని, మూలన పెట్టేశాడు. ఆ పొద్దున దాన్ని బయటికి తీసి, గుడ్డతో తుడిచి, కూనిరాగం లేకుండా లేత్ మీదకి ఎక్కించాడు.

పొద్దంతా కోశాడు. బేరింగులు కూర్చునే చోట్లు కుదిరాయి. చివరికి మిగిలింది రబ్బరు సీలు ఒరుసుకుంటూ తిరిగే చోటు. బెత్తెడు పొడుగు కూడా లేదు, కానీ షాఫ్టు ప్రాణమంతా అక్కడే. అక్కడ గీత ఉంటే రబ్బరు ఒక్క కాపుకి కూడా ఆగదు. పసిపిల్ల బుగ్గలా ఉండాలి. మధ్యాహ్నం దాటాక ఆయన ఆఖరి కోత మొదలుపెట్టాడు. రెండు చేతులా చక్రం తిప్పుతున్నాడు. నేను కరిగిన నూనె కోసం ఇంజను దగ్గరకి వెళ్ళాను.

అప్పుడు పెద్దావిడకి గుర్తొచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఆ వారమే చిక్కుడు కొత్త చేశారు. కొత్తగా కాసిన చిక్కుళ్ళు అమ్మవారికి పెట్టకుండా ఎవరూ నోట్లో వేసుకోని పండగ అది. ఆ ప్రసాదం అడ్డాకులో కట్టి కొంగున తెచ్చింది. పనిచేసే చేతికే ముందు పెట్టాలని వాళ్ళ ఆచారం. లేత్ దగ్గరికి వెళ్ళి, పొట్లం విప్పి, రెండు చేతులా చాచింది.

"అమ్మోరిది బాబూ. తీసుకో."

ప్రసాదాన్ని ఎడంచేత్తో తీసుకునేవాడు, అమ్మవారిని కాసేపు ఆగమనేవాడు మా వైపు ఇంకా పుట్టలేదు. మా ఆయన చక్రం వదిలేశాడు. చేతులు గుడ్డకి తుడుచుకుని, దోసిలి పట్టి, కళ్ళకి అద్దుకున్నాడు. కడ్డీ తిరుగుతూనే ఉంది. మొన అక్కడే ఆగి ఉంది. ఇంజను దగ్గర ఉన్న నాకు ముందు చప్పుడే వినిపించింది, సన్నటి కీచు. డబ్బా అక్కడే వదిలేసి పరిగెత్తాను. ఆయనకీ తెలిసింది. ప్రసాదం నోట్లో ఉంది, కళ్ళు కడ్డీ మీద ఉన్నాయి, నమలడం ఆగిపోయింది.

మొనని వెనక్కి లాగి చూస్తే, సరిగ్గా సీలు కూర్చునే చోట, ఉంగరం.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీద పడాలో తెలియలేదు. ఆయన చేసింది తప్పని ఏ నోటితో అనను? ఆవిడ చేసింది తప్పని ఎలా అనను? పక్కనున్న ఖాళీ డబ్బాని ఒక తన్ను తన్ని ఊరుకున్నాను. మా మొహాలు చూసి పెద్దావిడే అడిగింది, "ఏటయినాది?"

ఆయన మాట దాటెయ్యబోయాడు. నేనే చెప్పాను. ఆగితే అది అక్కడ బిగుసుకుపోతుందని, ఎమరీ గరుకు కాగితంతో రుద్దితే మెరుస్తుంది కానీ గుంట పోదని, గుంటలోంచి రసం దారి చేసుకుంటుందని. ఆవిడ వంగి, ఉంగరాన్ని వేలితో తడిమింది. వేలు రెండోసారి కూడా తిప్పింది. తమ్ముడు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"నా చేతులు సూసి కోత ఆగిపోనాది," అంది నెమ్మదిగా. ఏడవలేదు. వాగు వైపు, అంటే ఆ వాగు ఉండే కొండ వైపు చూసింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మా ఆయన మైక్రోమీటరు పెట్టి కొలిచాడు. నాకు చూపించాడు. కొయ్యడానికి ఇంకా కొంచెం మిగిలి ఉంది, మరీ కొంచెం. ఒక్క కోతకి సరిపోతుంది. గట్టిపడ్డ చర్మం కిందకి మొన దిగాలి, పైన రాసుకుంటూ పోతే లాభం లేదు. కిందకి దిగితే కొలత సరిగ్గా సరిపోతుంది. ఇంకాస్త దిగితే సీలు వదులైపోతుంది. రెండో కోత అనే మాట లేదు. ఆయన సానరాయి దగ్గర కూర్చుని మొనని మళ్ళీ పదును పెట్టాడు. గోటి మీద పెట్టి చూసుకున్నాడు, జారకుండా గోటిని పట్టుకుంది. ఆయన మెడ మీద చెమట కనిపిస్తోంది, అంత చలిలో.

"నూనె ఆపకు," అన్నాడు నాతో. అదొక్కటే మాట.

మొన దిగింది. కోసిన స్టీలు చుట్టలు చుట్టలుగా తీగలా రావడం మొదలైంది, గడ్డిపరక రంగులో. నేను సన్నధారగా నూనె పోస్తున్నాను. ఆయన భుజాలు కదలడం లేదు, మణికట్లు మాత్రమే తిరుగుతున్నాయి. ఒక చెయ్యి వదిలే లోపల ఇంకో చెయ్యి అందుకుంటోంది. ఎక్కడ చెయ్యి మారిందో చప్పుడులో కూడా తెలియడం లేదు.

అప్పుడే బయట హారన్ మోగింది. పైకొండ వైపు వెళ్ళే ఆఖరి జీపు. స్టాండు దగ్గర కాపలా కాస్తున్న తమ్ముడు అక్కని కేకేస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"అప్పా! జీపు ఎల్లిపోతంది! బేగి రండి! ఆపమని సెప్పు ఆయనకి, ఓ నిమిషం ఆపి, జీపోడితో..."

పెద్దావిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. చేతులు రెండూ బార్లా చాచి గుమ్మం చెక్కలు పట్టుకుంది. గొంతు పెంచలేదు.

"పోనీ. జీపు ఇయాల పోతే రేపొస్తాది, మనం నడిసిపోతాం. ఇది ఆగకూడదు. నోరుముయ్యి."

హారన్ ఇంకోసారి మోగింది. తర్వాత జీపు మలుపు తిరిగిన చప్పుడు. ఆయన తల తిప్పలేదు. సరిగ్గా అప్పుడే మొన ఉంగరం దగ్గరకి వచ్చింది. చప్పుడు మారింది, గొంతు పట్టినట్టయింది. పొగ లేచింది. తీగ రంగు గడ్డిరంగు నుంచి నీలానికి తిరిగింది. నేను ఊపిరి బిగబట్టాను. ధార తెగకుండా పోస్తూనే ఉన్నాను, ఇంకేం చెయ్యను? ఆయన మణికట్లు వేగం పెంచలేదు, తగ్గించలేదు. ఆ చక్రం ఆయన తిప్పుతున్నట్టు లేదు, ఎప్పటినుంచో తిరుగుతున్నదాన్ని ఆయన పట్టుకుని ఉన్నట్టుంది. ఉంగరం మొన కింద సగమైంది, సన్నగీత అయింది, లేదు. అవతల గడ్డిరంగు తీగ మళ్ళీ మొదలైంది.

ఆ స్టీలు మీద ఏమీ లేదు. గీత లేదు, మచ్చ లేదు, తిరుగుతోందో ఆగిందో కూడా తెలియడం లేదు. రెండు చేతులూ జోడించాలనిపించింది నాకు. మనిషికో, లోహానికో, గుమ్మంలో ఉన్నావిడకో నిజంగా తెలియదు. ఇంతమంది ఊపిరి బిగబడితే అరచెయ్యంత నునుపు పుట్టింది. కొలిచాడు. సరిపోయింది. ఇంజను ఆపాడు. ఆ తర్వాతే నోట్లో మిగిలిన చిక్కుడుగింజ నమిలి మింగాడు.

జీపు లేదు కాబట్టి నడక. బేరింగులు ఎక్కించడానికి ఆయన కావాలి, ఆయన సంచీ మొయ్యడానికి నేను కావాలి. షాఫ్టుని నా పాత చీరలో చుట్టాం, పసిబిడ్డని చుట్టినట్టు పొరలు పొరలుగా. తమ్ముడు దాన్ని ఎవరికీ ఇవ్వకుండా తనే మోశాడు, జీపు మాట మళ్ళీ ఎత్తలేదు. పెద్దావిడ ముందు నడిచింది. దారిలో ఒక్కసారీ కూర్చోలేదు, మమ్మల్ని కూర్చోనివ్వనూ లేదు. నా కాళ్ళు పీక్కుపోయి తిట్టుకుంటూ ఎక్కాను. చీకటిపడ్డాక ఊరు చేరాం. రాగి అంబలి తాగి పడుకున్నాం.

తెల్లవారకముందే ఆయన షాఫ్టు బిగించేశాడు. సంచీలో తెచ్చిన కొత్త సీలు దాని మీదకి వెన్నలా జారింది. చేత్తో తిప్పితే చప్పుడే లేదు. కానీ ఊరివాళ్ళెవరూ మిషను వైపు చూడడం లేదు. అందరూ వాగు గట్టున నిలబడ్డారు. ఆడవాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో దిగి బస్తాలు పైకి లాగుతున్నారు. నీళ్ళు కారుతున్న మొదటి బస్తాని పెద్దావిడ కాళ్ళ దగ్గర పెట్టారు. ఆవిడ మూతి విప్పింది. లోపల ఎర్రటి పళ్ళు, చలికి పొగలు కక్కుతున్నాయి.

మా ఆయన నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఆయన వేళ్ళు నా మోచేతిని పట్టుకున్నాయి, గట్టిగా. పళ్ళు అప్పటికే పులిసిపోయి ఉంటే ఆ షాఫ్టు ఎంత నునుపుగా ఉంటే మాత్రం ఏం లాభం?

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, వాసన చూడ్డానికి బస్తాలోకి తల దూర్చింది. మెడదాకా. చాలాసేపు తియ్యలేదు.

తల బయటికి తీసింది. జుట్టుకి నీళ్ళు, ముక్కు మీద ఒక ఎర్రటి తొక్క.

"ఇంకా తీపే," అంది. "పొయ్యండి."