గొడుగు అక్కర్లేదనుకున్న టెలిస్కోపు

పక్షులను చూసే నా టెలిస్కోపు నిన్నటి వానకు లోపల మసకబారింది. పెట్టె మీద వాటర్‌ప్రూఫ్ అని ఉంది కదా అన్న ధీమాతో, బలిఘట్టం దగ్గర ఏటి ఒడ్డున వానలోనే ఒక్కదాన్నే నిలబడి కొంగలను చూశాను. ఇది పాడైతే నా ఆదివారాలకు ఇక వేరే తోడు లేదు. అందుకే ఈ రోజు కాలేజీ అయ్యాక గడియారాలు బాగుచేసే నాయుడు గారి దగ్గరకు పట్టుకెళ్లాను.

ఆయన కన్ను ఆనించే అద్దం ముక్కను తిప్పి తీసి, వెలుతురులో చూశారు.

"గొట్టం వాటర్‌ప్రూఫేనమ్మా. ఈ కంటి ముక్క కాదు. నీరు ఇందులోంచే దిగిపోనాది."

"ఆరేళ్లు వానల్లోనే చూశానండీ. ఎప్పుడూ ఇలా కాలేదు."

"అయితే ఎవులో గొడుగు పట్టుంటారు," అని నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. పట్టింది సరళ. మా కాలేజీలోనే నాలాగే పాఠాలు చెప్పేది, ప్రతి ఆదివారం నాతో వచ్చేది. తను తడుస్తూ టెలిస్కోపు మీద గొడుగు పట్టేది. "వాటర్‌ప్రూఫ్ అని రాసుంది, చదవడం రాదా?" అని ఎన్నిసార్లు కసిరానో. కిందటేడు బదిలీ అయి వెళ్లింది. ఆమె రాసిన రెండు ఉత్తరాలకూ నేను జవాబివ్వలేదు.

ఎండలో ఆరబెడితే మసక పోతుందన్నారు నాయుడు గారు. పోతుందో లేదో. ఇన్‌లాండ్ లెటర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. గొడుగు సంగతి ఒప్పుకోవాలో, ఊరికే ఇక్కడ వానలు మొదలయ్యాయని రాయాలో తేలడం లేదు. మీరైతే మొదటి వాక్యం ఏమని రాస్తారు?