రేవణసిద్ధప్ప వీసీఆర్‌కు పెట్టిన విభూతి

రేవణసిద్ధప్ప వీసీఆర్‌ను చేత్తో పట్టుకుని ఎక్కడికీ నడవడు. గొంగడిలో చుట్టి, రిక్షా ఎక్కి, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు. బొంబాయి రోడ్డు మీద లారీలు హోరుమంటూ పక్కనుంచి పోతుంటే, గుంత వచ్చినప్పుడల్లా రిక్షావాడి వీపు తట్టి, "జర పైలం రా, లోపల పానం ఉన్నది" అంటాడు. టీవీ, స్టెబిలైజరు కాళ్ళ దగ్గర పెద్దకొడుకుల్లా ఒదిగి ఉంటాయి. ఒళ్ళో ఉన్నది చిన్నది, గారాలది.

డెబ్బైలలో అతడు మైకుసెట్టు సిద్ధప్ప. న్యాల్‌కల్ నుంచి రాయికోడ్ దాకా ఏ పెళ్ళికైనా చింతకొమ్మకు కట్టే మైకు అతడిదే. చెరుకు కోతకు వచ్చినట్టు, అల్లం తవ్వకానికి వచ్చినట్టు, ఆ ఊళ్ళకు అతడి గొంతు కూడా ఒక కాలం. "హలో, మైక్ టెస్టింగ్" అని తెల్లవారగట్ల వినిపించిందంటే ఆ ఇంటికి మామిడాకులు కట్టారన్నమాటే. తరువాత జహీరాబాద్ మేడల మీద టీవీ యాంటెన్నాలు మొలిచాయి. సిద్ధప్ప మనసు శబ్దం నుంచి వెలుగు వైపు మళ్ళింది. ఎనభైల నడుమ ఒక వీసీఆర్ కొన్నాడు.

కొన్నరోజే దానికి స్నానం ఒక్కటి తప్ప అన్నీ చేశాడు. కొబ్బరికాయ కొట్టాడు, ఊదుబత్తి తిప్పాడు, క్యాసెట్టు లోపలికి పోయే నోటి మూత మీద విభూతితో మూడు గీతలు గీశాడు. ఎవరైనా నవ్వితే, "మా ఇంట్ల పుట్టినోళ్ళ నొసలు ఖాళీగ ఉండదు. గిది గూడ మా ఇంటిదే" అనేవాడు. అప్పటినుంచి ఏ ఇంట్లో ఆట పెట్టినా ముందు తన నుదుట మూడు గీతలు, తరువాత దాని నుదుట మూడు గీతలు. మిషను మొరాయించిందంటే ఇంకో మూడు.

అనంతమ్మకు మాట ఇచ్చింది మాత్రం మైకు దగ్గర కూర్చునే.

ఆ ఎండాకాలం అనంతమ్మ కూతురు మనోరమ పెళ్ళి. అనంతమ్మ భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆమె అన్నావదినలు పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. ముహూర్తం వేళ విధవ తల్లి పందిట్లోకి రాకూడదని ఆచారం. ఆ మాట ఎవరూ అననక్కరలేదు, ఆమే వంటల దగ్గర తడిక వెనక నిలబడిపోయింది. సిద్ధప్ప ఆంప్లిఫయరు కూడా ఆ తడిక పక్కనే ఉంది. అతడు చూశాడు. బాజాలు ఉధృతమైనప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది, చెంప తడికకు ఆనించింది, మొత్తం మనిషి ఒక చెవిగా మారిపోయింది. ఏం చేయాలో తోచక సిద్ధప్ప మైకు శబ్దం పెంచాడు. పురోహితుడి గొణుగుడు కూడా తడిక దాటి ఆమెదాకా వచ్చింది.

"వీడియో తీస్తున్నరు గద అక్కా," అన్నాడు తరువాత. "ఫికర్ చెయ్యకు. పెండ్లి నీకు నేను చూపిస్త."

ఆషాఢమంతా మనోరమ పుట్టింట్లోనే ఉంది. శ్రావణం రాగానే అల్లుడు ఇంద్రసేన భార్యను తీసుకుపోవడానికి గుల్బర్గా నుంచి వచ్చాడు. వస్తూ వస్తూ పెళ్ళి క్యాసెట్టు తెచ్చాడు. స్టూడియోవాళ్ళు ఇచ్చింది అదొక్కటే. అక్కడ అతడి ఇంట్లో కూడా ఇంకా చూడలేదు కనుక, మధ్యాహ్నం బస్సుకు భార్యతో పాటు అదీ వెళ్ళిపోవాలి. ఈ పూట చూస్తే చూసినట్టు. మళ్ళీ అది ఎన్నడు ఈ గడప తొక్కుతుందో ఎవరికి తెలుసు.

అది శ్రావణంలో తొలి సోమవారం. సిద్ధప్ప ఆ ఉదయం మిషను నుదుటి మీద విభూతి మామూలుకంటే మందంగా పట్టించాడు. గొంగడి విప్పి బల్ల మీద పెట్టేసరికి మూత తెల్లగా, బూడిద రాసుకున్న చిన్న జంగమయ్యలా ఉంది. చిరుజల్లు పడుతోంది. తడిసిన ఎర్రమట్టి వాసన కిటికీలోంచి లోపలికి వచ్చి, అందరితో పాటు కూర్చుంది.

అనంతమ్మ మాత్రం కూర్చోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, ముందటికి రా," అంది మనోరమ.

మంచం మీద కూర్చున్న నారమ్మ గొంతు సవరించుకుంది. ఆమె అనంతమ్మ భర్తకు అక్క, ఇంట్లో పెద్దది. "ముహూర్తం గూడ వస్తది గదనే క్యాసెట్ల? ఆమె ఎదురుంగ కూసుంటె..."

"ముహూర్తం అయ్యి రెండు నెలలాయె నారమ్మక్కా," అన్నాడు సిద్ధప్ప వైర్లు కలుపుతూ. "గిది ఉత్త వెలుతురు. వెలుతురుకు ఏం దోషం?"

"నీకేం ఎర్క? మైకులు కట్టెటోనివి."

"వదినె చెప్పింది నిజమే తియ్యి," అంది అనంతమ్మ. "నాకు ఈడికెల్లి మంచిగనే కనవడ్తది."

సిద్ధప్ప క్యాసెట్టు లోపలికి తోశాడు. కటకటమంటూ మిషను దాన్ని మింగింది. అందరి ఊపిరీ టీవీ అద్దం మీద నిలిచింది.

బాజాలు మోగాయి. ఎవరో నవ్వారు. "నీళ్ళు తేండ్రి, నీళ్ళు" అని ఎవరో అరిచారు. కానీ అద్దం మీద పెళ్ళి లేదు. బూడిదరంగు వాన, గింజలు గింజలుగా కురుస్తోంది.

"బొమ్మ ఏది మామా?" అంది మనోరమ.

"వస్తది. జర ఆగు బిడ్డా."

మొదట టీవీ ఛానల్ మీట అటూ ఇటూ తిప్పాడు. వాన సన్నబడింది, లావయింది, ఆగలేదు. స్టెబిలైజరు ముల్లు చూశాడు. కరెంటు సరిగానే ఉంది. వీసీఆర్ మీద బొమ్మను సర్దే ట్రాకింగ్ మీట గాజులమ్మేవాడిలా ఒడుపుగా తిప్పాడు. అద్దం మీద ఒక్క క్షణం ఎవరిదో భుజం మెరిసి, మళ్ళీ వానలో మునిగింది.

"వచ్చింది, వచ్చింది!" మనోరమ లేచి నిలబడింది.

"పోయింది," అంది నారమ్మ.

సిద్ధప్ప మిషను ఆపి, నడుముకున్న సంచిలోంచి విభూతి తీసి, మూత మీద మరో మూడు గీతలు గీశాడు. మళ్ళీ పెట్టాడు. ఈసారి భుజం కూడా రాలేదు.

"క్యాసెట్టే ఖరాబు అయ్యిందేమో అన్నా," అన్నాడు ఇంద్రసేన. అతడి ముఖం పాలిపోయింది. తెచ్చినవాడు తనే కదా.

ఆ అనుమానం తీర్చడానికి సిద్ధప్ప తన సంచిలోని సినిమా క్యాసెట్టు పెట్టాడు. వీరుడి గుర్రం డెక్కల చప్పుడు గదంతా దౌడు తీసింది. గుర్రమూ లేదు, వీరుడూ లేడు. అదే వాన.

"హమ్మయ్య!" సిద్ధప్ప చప్పట్లు కొట్టాడు. "నీ క్యాసెట్ సల్లగుంది అల్లుడా! పెండ్లి బాగనే ఉన్నది. రోగం నా మిషన్లనే ఉన్నది."

"దానికి గంత సంబురమా?" అంది నారమ్మ.

"పెండ్లి పోతె మళ్ళ చేస్తమా అక్కా? మిషన్ అయితె బాగు చేస్తం."

మాట అన్నాడు గానీ, రోగం ఎక్కడుందో అతడికి తెలియదు. ఈ మధ్య కొన్ని ఇళ్ళలో కూడా బొమ్మ మీద చుక్కలు వచ్చాయి. అద్దె క్యాసెట్లు పాతవని సరిపెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. పెళ్ళి క్యాసెట్టు మళ్ళీ పెట్టి, మీటలన్నీ మొదటినుంచి తిప్పాడు. అద్దంలో వాన, కిటికీలో వాన. లోపలి వానలోంచి పురోహితుడి గొంతు మంత్రం వెనక మంత్రంగా వస్తూనే ఉంది.

గుమ్మంలో అనంతమ్మ కళ్ళు మూసుకుంది. చెంప తలుపుకు ఆనించింది.

సిద్ధప్ప తల తిప్పి చూశాడు. ఆ రోజు తడిక, ఈ రోజు తలుపు.

"ఆపెయ్యి తమ్మీ," అంది ఆమె మెల్లగా. "సప్పుడు ఆనాడే ఇన్న. ఇంకొకసారి ఎందుకు? బస్సుకు యాళ్ళయితున్నది. బిడ్డకు బువ్వ పెట్టాలె."

సిద్ధప్ప మిషను ఆపాడు. క్యాసెట్టు బయటికి తీశాడు. మనోరమ దాన్ని అందుకుని తల్లి చేతిలో పెట్టింది, కనీసం ఒకసారి ముట్టుకోనీ అన్నట్టు. అనంతమ్మ పసిపిల్ల చెంప నిమిరినట్టు దాని అంచు నిమిరింది. వేలు చూసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"సిద్ధప్పా, దీనికెక్కడిదయ్యా విభూతి?"

"ఆఁ?"

"సూడు." ఆమె వేలి కొన తెల్లగా ఉంది. "నువ్వు నొసలుకు పెడ్తున్న అనుకుంటున్నవు. అది నొసలు గాదు గదా. నోరు! ఇన్ని దినాల సంది దాని నోట్లె బూడిద పోస్తున్నవు!"

నారమ్మ నవ్వింది. ఆ ముసలామె నవ్వితే మంచం కిర్రుమంటుంది. "సచ్చె! గిన్నేండ్ల పూజ గొంతుకు అడ్డం పడ్డది!"

సిద్ధప్ప నవ్వలేదు. అతడి ముఖం మీద వెలుగు పాకింది, తెల్లవారేటప్పుడు చెరుకుతోట మీద పాకినట్టు. "అక్కా! నీ కాల్మొక్త! స్పిరిట్ కావాలె. దవాఖాన్ల సూది గుచ్చే ముందు రుద్దుతరు సూడు, గది. మెత్తని గుడ్డ కావాలె. పోగులు లేవొద్దు."

"స్పిరిట్ నేను తెస్త," అని ఇంద్రసేన సైకిలు కోసం దూకాడు.

"ఓ పిల్లగా! కొత్తల్లునివి!" నారమ్మ అరిచింది. "ఎవరన్న సూస్తె ఏమనుకుంటరు!"

"స్పిరిట్ కోసం పోయిండని అనుకుంటరు!" వీధి మలుపులోంచి జవాబు వచ్చింది. కొత్త తెల్లబట్టల మీద ఎర్రమట్టి చిందించుకుంటూ, గంట మోగిస్తూ, అల్లుడు వానలో మాయమయ్యాడు.

అనంతమ్మ లోపలి గదిలో పెట్టె తెరిచింది. అడుగున భర్త మల్‌మల్ ధోవతి ఉంది. ఉతికి ఉతికి పొగమంచంత మెత్తబడింది. కొస పట్టుకుని ఒకసారి ఆగింది. తరువాత సర్రున చింపింది.

"అమ్మా, నాయన ధోతి!"

"పెండ్లికి ఆయన గూడ లేకపాయె," అంది అనంతమ్మ. "ఇప్పుడన్న ఒక పనికి రానీ."

సిద్ధప్ప ప్లగ్గు తీసి, మరలు విప్పి, మిషను పైకప్పు ఎత్తాడు. నడుమ, బోర్లించిన వెండిగిన్నెలా, మెరిసే గుండ్రటి డ్రమ్ము. దాని అంచున కంటికి ఆనీ ఆనని చిన్న మొన. టేపు మీది బొమ్మను తడిమి చదివేది అదే. శబ్దాన్ని చదివే భాగం వేరు, పక్కన ఉంటుంది. అందుకే బాజాలు వచ్చాయి, పెళ్ళికూతురు రాలేదు. ఆ మొన చుట్టూ, సందుల్లో, సన్నటి తెల్లపొడి పేరుకుని ఉంది. ఇన్నాళ్ళ భక్తి అంతా అక్కడే ఉంది.

సైకిలు వచ్చి గోడకు కొట్టుకుంది. ఇంద్రసేన రొప్పుతూ సీసా అందించాడు. సిద్ధప్ప గుడ్డ తడిపి డ్రమ్ముకు ఆనించి, ఇంకో చేత్తో డ్రమ్మును మెల్లగా తిప్పాడు. పైకి కిందికి రుద్దితే ఆ మొన విరిగిపోతుంది. దవాఖానా వాసన గదిలో చల్లగా పరుచుకుంది. గుడ్డ బూడిదరంగుకు మారింది. ఇంకో మడత, మళ్ళీ తిప్పాడు. చివరికి మూత మీది గీతలను కూడా, ఒక్క క్షణం చేతులు జోడించి, తుడిచేశాడు. మిషను బోసి నుదుటితో కొత్తగా చూసింది.

"స్పిరిట్ ఆరాలె. జర ఊపిరి పట్టుండ్రి."

"బస్సు?" అన్నాడు ఇంద్రసేన తనలో తను. తనే నవ్వాడు. "ఇంకో బస్సు లేదా? ఉన్నది."

క్యాసెట్టు లోపలికి పోయింది. కటకట. ఒక గీత. రెండు గీతలు. ఆ పైన, నీళ్ళలోంచి తామర పైకి తేలినట్టు, పసుపు. పసుపు చీరలో మనోరమ.

ఇంట్లో అందరూ ఒకేసారి కేక వేశారు. రిక్షావాడు బయటినుంచి పరుగెత్తుకొచ్చి కిటికీలో ముఖం పెట్టాడు. బాసికం కింద మనోరమ కళ్ళు దించుకుని ఉంది. అనంతమ్మ గుమ్మంలోంచి ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. వేస్తున్నానని ఆమెకే తెలియదు. మనోరమ చేయి పట్టి లాగితే టీవీ ముందు నేల మీద కూర్చుండిపోయింది.

ముహూర్తం వచ్చింది. కెమెరా పందిరంతా చుట్టింది. దీపాల వెలుతురు పీటల మీంచి జనం మీదికి, జనం మీంచి వంటల వైపు ఒక్కసారి కొట్టుకుపోయింది. అక్కడ తడిక అంచుకు చెంప ఆనించి, కళ్ళు మూసుకున్న ఒక ముఖం, దీవిస్తున్నట్టు పైకెత్తిన పిడికిట్లో గరిటె.

"అగో!" నారమ్మ మంచం దిగేసింది. "ఆపు సిద్ధప్పా, ఎన్కకు తిప్పు! అనంతమ్మే గదా! గరిటె పట్టుకొని!"

సిద్ధప్ప వెనక్కి తిప్పాడు. అద్దంలో జనం చల్లిన అక్షింతలు నేల మీంచి, తలల మీంచి ఎగిరి, పిచ్చుకల గుంపులా ఎవరివి వాళ్ళ చేతుల్లోకి తిరిగి చేరాయి. అందరూ విరగబడి నవ్వారు. నారమ్మ మాత్రం ఆ తడిక మీది ముఖాన్నే చూస్తోంది. తడికకు ముందు కూతురు, వెనక తల్లి, ఇద్దరూ ఒకే వెలుతురులో.

"అయితె ముహూర్తానికి నువ్వు ఆడనే ఉన్నవు," అంది నారమ్మ. "ఎవ్వరికి ఏం గాలే."

ఆమె లేచి వంటింట్లోకి పోయింది. బియ్యం డబ్బా మూత చప్పుడయింది. పసుపు కలిపిన అక్షింతల పళ్ళెంతో వచ్చి, అనంతమ్మ ఒళ్ళో పెట్టింది. సిద్ధప్ప వైపు చూసి గడ్డం ఎగరేసింది, ఇక నడిపించు అన్నట్టు.

మనోరమ, ఇంద్రసేన పక్కపక్కన కూర్చున్నారు. అద్దంలో బాజాలు పైకి, ఇంకా పైకి పోయాయి. పందిట్లో చేతులన్నీ లేచాయి. అనంతమ్మ కూడా లేచింది. రెండు గుప్పిళ్ళ నిండా బియ్యం ఎత్తి చల్లింది. ఆనాడు చల్లలేకపోయినవన్నీ కలిపి, కూతురి తల మీద, అల్లుడి తల మీద, గదంతా పసుపు వానగా.

"అక్కా! అక్కా! మిషన్ల పడ్తయి!" సిద్ధప్ప గొంగడి కోసం చూశాడు. అందలేదు. వీసీఆర్ మీద తనే బోర్లా పడ్డాడు. అక్షింతలు అతడి వీపు మీద రాలుతూనే ఉన్నాయి. టీవీలో బాజాలు మోగుతూనే ఉన్నాయి.