హోల్డాన్!

ఇక కండక్టర్లు అక్కర్లేదని కంపెనీ ముందే చెప్పింది కాబట్టి, మనసు గట్టి చేసుకున్నాననే ఆయన అనుకున్నాడు. ఉద్యోగం పోయిన మర్నాడు కొత్త పని అడగడానికి తన పాత బస్సే ఎక్కాడు. డ్రైవరు సొంత బావమరిది. ఇప్పుడు టికెట్లూ అతనే ఇవ్వాలి. అద్దంలో బావ ముఖం కనపడుతుందని అటు చూడకుండానే బండి కదిలించాడు.

వెనక మెట్టు మీద ఒక ముసలావిడ ఒంటికాలితో వేలాడుతోంది.

"హోల్డాన్!" ఆయన గొంతు చించుకుని అరిచాడు.

బస్సు కీచుమని ఆగింది. ఆవిడను లోపలికి లాగి కూర్చోబెట్టేసరికి ఆయనకు ఒళ్లంతా చెమట. బావమరిది అప్పుడు అద్దంలోకి చూశాడు.

"రైట్ చెప్పు బావా."

"అది చెప్పడానికీ జీతం నీకే ఇస్తున్నార్రా. ముందు నా టికెట్ కొట్టు."